గోరేబాళ క్యాంపులో వెచ్చని సీటు

రాయచూరు జిల్లాకు సరదాగా వెళ్ళొచ్చినవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు. వడ్లు కొనడానికి వెళ్తారు, పత్తి అమ్మడానికి వెళ్తారు, బదిలీ అయితే మొహం వేలాడేసుకుని వెళ్తారు. నేను ఒక మరుగుదొడ్డిని చూడటానికి వెళ్ళాను. యాత్రలు రాసేవాళ్ళు గోపురాల గురించో జలపాతాల గురించో రాస్తారు. నేను చూసినదాంట్లోనూ నీళ్ళు దూకే చప్పుడుంది, కాకపోతే అది మనిషి లేచాక వినిపిస్తుంది.

నేను చదివింది కెమిస్ట్రీ. హైదరాబాదులో తెలివైన కమోడ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఈ కమోడు మనిషి దగ్గరికి రాగానే మూత తెరుస్తుంది. కూర్చున్నవాళ్ళ బరువును బట్టి ఎవరో గుర్తుపడుతుంది. పక్కన మీట ఉంటుంది, దానితో సీటు వేడి పెంచుకోవచ్చు. ఎవరికి ఎంత వేడి ఇష్టమో ఒకసారి తెలిశాక మళ్ళీ చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, లోపల ఒక పరికరం మూత్రాన్ని పరీక్షించి, చక్కెర ఉందా, ప్రోటీన్ పోతోందా చూసి యజమాని ఫోనుకు కబురు పంపుతుంది. ఈ ఉద్యోగం గురించి చెప్పినప్పుడు మా అమ్మ కాసేపు ఆలోచించి, బంధువులు అడిగితే కంప్యూటర్లని చెప్పమంది.

గోరేబాళ నుంచి ఫోను చేసినాయన పేరు సూర్యారావు. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో గోదావరి జిల్లాల నుంచి వెళ్ళి స్థిరపడిన రైతు కుటుంబం. అలాంటివాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. వెళ్ళి మూడు తరాలైనా క్యాంపు క్యాంపే, ఇవాళో రేపో గుడారాలు పీకి వెళ్ళిపోయేవాళ్ళకి మల్లే.

"మీ కమోడు మా ఇంట్లో ఎవరికో కిడ్నీలు పాడయ్యాయంటోందండి," అన్నాడాయన. "నేనూ మా ఆవిడా సింధనూరు వెళ్ళి టెస్టులు చేయించుకున్నాం. ఇద్దరివీ శుభ్రంగా ఉన్నాయి. ఉన్నదే ఇద్దరం. భోజనాల వేళ చుట్టాల మధ్యలో ఆ ఫోను 'వెంటనే వైద్యుణ్ణి కలవండి' అని అరుస్తోంది. మీరొచ్చి దాని నోరు మూయించండి."

నోరు మూయించడానికి కావలసిన సరంజామా, మార్చడానికి ఒక కొత్త సీటు తీసుకుని బయల్దేరాను.

రాయచూరు

రైలు కృష్ణ దాటుతుంటే ఆకాశం నిండా మబ్బులు. అవి కురవడానికి వచ్చినట్టు లేవు, ఊరికే ఉన్నాయి. తర్వాత అక్కడున్నన్ని రోజులూ అలాగే ఉన్నాయి.

స్టేషన్ బయట హోటల్లో ఇడ్లీ అడిగితే, ప్లేట్లు తుడుస్తున్నాయన తల అడ్డంగా ఊపాడు. "ఇడ్లీ ఖలాస్ సార్. మండక్కి ఒగ్గరణె ఉంది, మిర్చి ఉంది. తినుర్రి, మంచిగుంటది."

మండక్కి అంటే మరమరాలు. వాటిని తడిపి పిండి, పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. కర్నూలు వాళ్ళకి ఇది ఉగ్గాణి. మా విజయనగరంలో మరమరాలంటే పిల్లల ఏడుపు ఆపడానికి పెట్టేవి. ఇక్కడ పెద్ద పెద్ద మీసాలవాళ్ళు మిరపకాయ బజ్జీ కొరుక్కుంటూ గంభీరంగా తింటున్నారు. ముప్పై రూపాయలకి కడుపు నిండింది. నీళ్ళ కోసం చెయ్యి చాస్తే హోటలాయన సీసా కొనుక్కోమన్నాడు. "బోరు నీళ్ళు సార్, మీకు పడవు," అని చెప్పి, అవే నీళ్ళు తను గటగటా తాగాడు.

మాన్వి దారి

బస్సులో నా సీటుకి సీటు దొరకలేదు. అట్టపెట్టెకి లగేజి టికెట్ కొట్టిన కండక్టరు దాన్ని నడవలో పెట్టనివ్వక, చివరికి నా ఒళ్ళో పెట్టుకోమన్నాడు. పెట్టె మీద ఉన్న బొమ్మ చూసి పక్కనున్న ముసలాయన ఆసక్తిగా వంగాడు. మాన్వి కచేరీలో ఏదో పని మీద పోతున్నాడు. అదే పని మీద ఆయన చాలాసార్లు పోయినట్టుంది, మొహంలో ఆశ లేదు.

"ఏంది సార్ గది?"

"కమోడు సీటు."

"గింత దూరం ఒళ్ళె పెట్టుకొని మోస్కపోతున్రా?"

"ఇది మామూలుది కాదు తాతా. ఉచ్చ చూసి రోగమేదో చెప్తుంది."

"జెప్పి?"

"ఇంటి యజమాని ఫోనుకు పంపుతుంది."

"పంపి?"

"అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

"మందియ్యదా?"

"ఇవ్వదు."

ఆయన కిటికీలోంచి నల్లరేగడి చేలను చూశాడు. "పోనీలే. మా ఊరి డాక్టరు గూడ గంతే. గాయన ఫోను గూడ జెయ్యడు."

మా కంపెనీ గురించి ఇంత మంచిమాట ఆ వారమంతా ఇంకెవరూ అనలేదు.

మాన్వి దాటేవరకూ పత్తి చేలు. ఆ తర్వాత కాలువ కనిపించిన చోట రంగు మారింది. రోడ్డుకు రెండువైపులా దమ్ము చేసిన మళ్ళు, బూడిదరంగు ఆకాశాన్ని అడుగున పరిచినట్టు నిండుగా నీళ్ళు. వాటిలో నడుం వంచిన ఆడవాళ్ళ వరసలు. బస్సులోంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. బస్సులోంచి చూస్తే చాలా పనులు ముచ్చటగానే ఉంటాయి.

గోరేబాళ

సూర్యారావుగారిల్లు క్యాంపు మొదట్లోనే ఉంది. గుమ్మంలో అడుగుపెట్టగానే భీమవరం వెళ్ళినట్టయింది. గోంగూర పచ్చడి, ములక్కాడ పులుసు, "కాస్త మజ్జిగైనా పుచ్చుకోండి" అనే బలవంతం. గిన్నెలు తోమే మనిషితో కన్నడం, పాలవాడితో ఉర్దూ, నాతో గోదావరి తెలుగు ఒకే ఊపిరిలో మాట్లాడే ఆ ఇంటావిడ పేరు సత్యవతి. నన్ను చూడగానే "బాబూ" అంది. నా వయసు చెప్పాక కూడా మానలేదు.

మేడ మీదా కిందా చూపించాక సూర్యారావుగారు నన్ను కొత్త బాత్రూమ్ ముందు నిలబెట్టారు. బయట వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే, వచ్చినవాళ్ళు వరస కోసం కూర్చోవడానికట.

నాకు అప్పుడు అర్థమైంది. ఈ జిల్లాలో అలాంటి కమోడు వాళ్ళదొక్కటే. మనవైపు ఇంటికొచ్చినవాళ్ళని కాఫీ తాగకుండా కదలనివ్వరు. వీళ్ళు దాని మీద కూర్చోకుండా కదలనివ్వరు. పొలం బేరానికొచ్చినవాళ్ళు, శుభలేఖలు పంచడానికొచ్చినవాళ్ళు, చివరికి కరెంటు మీటరు చూడటానికొచ్చినతను కూడా మర్యాదగా వెళ్ళి కూర్చుని వచ్చారు. వేళ కాదంటే సత్యవతిగారు నొచ్చుకుంటారు.

"మరి మీరు?" అన్నాను.

సూర్యారావుగారు గొంతు సవరించుకున్నారు. "మాకు పెరట్లో పాతది అలవాటండి. ఇది పాడవుతుందని."

యజమానులు వాడని యంత్రం యజమానులకి జబ్బు అంటగట్టిందన్నమాట. పరీక్షించి చూశాను, కంపెనీ ఇచ్చిన మందుతోనూ, తప్పక స్వయంగానూ. అది నిక్షేపంగా పనిచేస్తోంది. యజమానుల లెక్కలో లేనివాళ్ళని అది అతిథి ఒకటి, అతిథి రెండు అని బరువును బట్టి పేర్లు పెట్టుకుంటూ పోయింది. ప్రోటీన్ పోతున్న మనిషి అతిథి నాలుగు. ఒకసారి కాదు, ఈ నాట్లు మొదలైనప్పటి నుంచి దాదాపు ప్రతిరోజూ.

"మీటలు నొక్కి దాన్ని మాట్లాడకుండా చేయగలను," అన్నాను. "కానీ ఈ మనిషెవరో నిజంగా ఉన్నారు. తొందరగా డాక్టరుకి చూపించకపోతే కిడ్నీలు దక్కవు."

సూర్యారావుగారికి ఇదొక పనైంది. రోజూ వచ్చే చుట్టం ఎవరూ లేరన్నది పట్టించుకోకుండా, వరండాలో కూర్చుని చుట్టాలందరికీ ఫోన్లు మొదలుపెట్టారు.

"బావా, మొన్న మా ఇంటికొచ్చినప్పుడు నువ్వు కూర్చున్నావా... భోజనానికి కాదెహే, దాని మీద... ఎంతసేపు కూర్చున్నావు?"

అవతలివైపు నుంచి వచ్చిన జవాబు నాకు వినిపించలేదు గానీ, ఆయన ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నారు. సాయంత్రానికి ముగ్గురు బంధువులు కోపగించుకున్నారు, ఒకాయన భయపడి సింధనూరు బయల్దేరాడు. తన తోడల్లుడే ఆ రోగి అని సూర్యారావుగారు దాదాపు నిర్ణయించేశారు. "మొదటి నుంచీ వాడి రంగు నాకు నచ్చలేదండి," అన్నారు. తోడల్లుడి బరువు ఒక బస్తా పైనే. అతిథి నాలుగు బరువు బడిపిల్లంత. ఈ సంగతి చెప్పాక ఆయన కొంచెం నిరాశపడ్డారు.

పెరటి గుమ్మం

మర్నాడు మధ్యాహ్నం ఆయన కాలువ నీళ్ళ సంగతి కనుక్కోవడానికి వెళ్ళినప్పుడు సత్యవతిగారు నన్ను పెరట్లోకి పిలిచింది. తాను చిక్కుడుకాయలు తుంచుతోంది. అప్పటికే తుంచినవాటిని మళ్ళీ తుంచుతోంది.

"బాబూ, ఆ నాలుగో మనిషి మధ్యాహ్నం పూటే వస్తోందా?"

"అవునండీ. అన్నాల వేళ. చాలాసేపు కూర్చుంటుంది. సీటు వేడి పూర్తిగా పైకి పెడుతుంది."

ఆవిడ చిక్కుడుకాయ వదిలేసింది. "తాయమ్మండి. నాట్ల గుంపులో మనిషి. తెలంగాణా అంచు పల్లెల నుంచి ఏటా వస్తారు, మన షెడ్డులోనే ఉంటారు. ఓ రోజు అన్నం తీసుకెళ్ళడానికొచ్చి గుమ్మం దగ్గర కూలబడిపోయింది. నడుం లేవట్లేదంది. ఆయన లేరు. ఏం చెయ్యాలో తోచక అది వెచ్చగా ఉంటుంది కదా అని తీసుకెళ్ళి కూర్చోబెట్టా. అప్పట్నుంచి రోజూ, ఆయన బయట ఉన్న వేళ చూసి..."

"సూర్యారావుగారికి తెలియదా?"

"తెలిస్తే ఆ సీటు పీకించేస్తారు. ఆయన మంచోరే. చుట్టాలకి తెలిస్తే మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. అందరూ కూర్చున్నదే కదండీ మరి."

ఈ ఆఖరి మాటలో ఆవిడకి నవ్వు రావలసింది, రాలేదు. ఆయనకి తనే చెప్తానంది. ముందు తాయమ్మని నాకు చూపిస్తానంది.

మడిగట్టు

పొద్దున్నే టీ క్యాను పట్టుకుని ఆవిడ ముందు, గ్లాసుల సంచీ పట్టుకుని నేను వెనక. గట్టు మీద రెండుసార్లు జారాను, మూడోసారి మడిలో దిగబడ్డాను. నా బూటు ఒకటి అక్కడే ఉండిపోయింది. నాట్లేస్తున్న ఆడవాళ్ళు మర్యాదస్తులు, మొహాలు అటు తిప్పుకుని నవ్వారు.

"అక్కా, కొత్త జీతగాణ్ణి తెచ్చినవా?" అని లచ్చుమి అనే ఆవిడ అడిగింది. "బూట్లు ఏస్కొని మడిల దిగిండు, పెద్ద షోకు మనిషున్నడు."

వాళ్ళంతా గట్టెక్కి వరసగా కూర్చున్నారు. సత్యవతిగారు ఒక్కొక్కరికీ గ్లాసులో టీ పోసి, కొంగుముడి విప్పి, చాచిన ప్రతి అరచేతిలోనూ ఒక మాత్ర పెట్టింది. ప్రసాదం పెట్టినంత శ్రద్ధగా, ఎవరినీ మరిచిపోకుండా. వాళ్ళూ అంతే అలవాటుగా నోట్లో వేసుకుని టీ తాగారు.

"అవేంటండీ?" అన్నాను.

"నడుంనొప్పి బిళ్ళలు బాబూ. రోజంతా వంగే ఉంటారు కదా. ఈ కాలువ కింద అందరూ ఇస్తారు. టీతోపాటు బిళ్ళ ఇవ్వకపోతే గుంపులు రావు. మా అత్తగారి రోజుల్లో జాకెట్టు గుడ్డ ఇచ్చేవాళ్ళట."

ఖాళీ అట్ట తీసుకుని చూశాను. కెమిస్ట్రీ చదివినందుకు జీవితంలో ఒకటి రెండుసార్లు చింతించాను, వాటిలో ఇదొకటి. అప్పుడప్పుడు వేసుకుంటే పర్వాలేదు. ఎండలో, సరిగా నీళ్ళు తాగకుండా, సీజనంతా రోజూ వేసుకుంటే కిడ్నీలకి అదే మెల్లగా పెట్టే విషం.

తాయమ్మ వరస చివర కూర్చుంది. నలభై ఉంటాయేమో, పాదాలు వాచి మెరుస్తున్నాయి. కమోడు గురించి అడిగితే సిగ్గుపడింది.

"నాకేం ఎరక సార్. కాక పెట్టే కుర్చీ అనుకున్న, ఒంటికి పోనీకి గూడ గదే అని అక్క జెప్పింది. కూసుంటె నడుము దిగజారకుండ పట్టుకున్నట్లుంటది. గసుంటి సుఖం ఇంకోటి లేదు."

"అది మీ ఒంట్లో బాగోలేదంటోంది తాయమ్మా. ఈ గోళీల వల్లే అనిపిస్తోంది."

"గోళి మంచిదే సార్. గోళి లేకుంటె పండుకున్న మనిషిని లెవ్వను."

"ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నారు?"

"అక్క ఇచ్చినప్పటి సంది," అంది తాయమ్మ, సత్యవతిగారి వైపు ప్రేమగా చూస్తూ. "అక్క చెయ్యి పెద్దది. వేరే సావుకార్లు ఒకటి ఇస్తరు. నాకు నొప్పి శాన ఉందని అక్క రెండు ఇస్తది."

సత్యవతిగారు క్యాను మూత పెట్టడానికి ప్రయత్నించింది. మూత సరిగ్గా పడలేదు. అలాగే పట్టుకుని నిలబడింది.

ఇంటికొచ్చాక, భోజనం దగ్గర, మజ్జిగ పోస్తూ భర్తకి అంతా చెప్పేసింది. సూర్యారావుగారు అన్నం కలపడం ఆపారు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆయన అన్న మొదటి మాట, "దాన్ని ఫినాయిలుతో కడిగారా?"

రెండోమాట, "రేపు కారు తీయిస్తాను. రాయచూరు తీసుకెళ్ళండి."

మనిషిలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఎలా ఉంటాయో నాకు తెలీదు. ఉన్నాయి మరి.

తిరిగి రాయచూరు

కారులో ముందు సీటు తాయమ్మకి ఇచ్చారు. ఆమె సీటు అంచున, ఏదైనా అంటుకుంటుందేమో అన్నట్టు కూర్చుంది. పెద్దాసుపత్రిలో నేలమీద దుప్పట్లు, ఆ దుప్పట్ల మీద జిల్లా. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెలు, శేంగా పొడి, అంటే వేరుశనగ పొడి, విప్పుకుని తింటున్నారు. పక్కన కూర్చున్న ముసలావిడ మాకూ తలొక ముక్క పెట్టింది. ఎవరికి ఏం జబ్బో అడిగే ముందు తిన్నారా అని అడగడం అక్కడి పద్ధతి. మా హైదరాబాదు ఆసుపత్రుల్లో ముందు ఇన్సూరెన్సు ఉందా అని అడుగుతారు.

డాక్టరు చిన్న పిల్ల. కళ్ళకింద నలుపు చూస్తే ఆమెనే చేర్చుకోవాలనిపించింది. రక్తపరీక్ష చూసి, కన్నడం తెలుగు కలిపి మాట్లాడింది.

"అమ్మా, కిడ్నీ బాగా దెబ్బతింది. పూర్తి పోలేదు. ఈ గుళిగె నిల్లిస్బేకు, ఈ మాత్ర ఆపేయాలి. ఇవాళ నుంచే. ఆపితే ఉన్నది ఉంటుంది. ఇంకా తింటే వారం వారం ఇక్కడికొచ్చి మిషన్ మీద పడుకోవాలి, బతికినన్ని రోజులు. మళ్ళీ వంగే పని కూడా వద్దు."

"ఎన్ని దినాలు వద్దు?" అంది తాయమ్మ.

డాక్టరు నా వైపు చూసింది. నేను సత్యవతిగారి వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూస్తోంది.

"నొప్పికి ఏం ఇస్తారు?" అని నేను అడిగాను.

"కిడ్నీకి పడేవి కొన్ని ఉన్నాయి, రాస్తాను. కానీ అంత పని చేయవు. ముఖ్యమైన మందు రెస్టు."

తిరుగు ప్రయాణంలో కాలువ గట్టు వచ్చింది. అప్పుడు తాయమ్మ వెనక్కి తిరిగింది.

"అక్కా, నువ్వు పరేశాన్ కాకు. నువ్వేం జేసినవ్. నేను చెయ్యి చాపితె నువ్వు ఇచ్చినవ్."

ఇది ఓదార్చడానికే అంది. సత్యవతిగారు అప్పుడు ఏడ్చింది.

తుర్విహాళ

మర్నాడు పొద్దున్న, ఇకనుంచి టీతో బిళ్ళలు ఉండవని ఆవిడ గట్టు మీద నిలబడి చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది, నాకంటే బాగా చెప్పింది. తాయమ్మని వంటింట్లో సాయానికి ఉంచుకుంటానని, కూలి మామూలుగానే ఇస్తానని కూడా అంది. ఆడవాళ్ళు అంతా విన్నారు, తలలూపారు, టీ తాగి మళ్ళీ మడిలోకి దిగారు. వాళ్ళతోపాటు తాయమ్మ కూడా దిగింది.

"నువ్వెక్కడికే?" అని సత్యవతిగారు కేకేసింది.

"ఎకరం గుత్త పని అక్కా. నేను లేకుంటె నా వరస లచ్చుమి గుంజాల. గామె నడుము గూడ నడుమే గద."

ఎకరానికింత అని గుంపు మొత్తానికి ఒప్పందం. ఒక మనిషి తగ్గితే ఆ పని మిగతావాళ్ళ మీద పడుతుంది. మా ఆఫీసులో మనిషి తగ్గితే ఎవరూ గమనించరు. కొన్నిసార్లు పని త్వరగా అవుతుంది కూడా.

మధ్యాహ్నం అయ్యేసరికి వరసలు వంకర్లు పోయాయి. ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది, ఇంకొకామె గట్టెక్కి పడుకుంది. పాటలు పాడుతున్నవాళ్ళు మానేశారు. సూర్యారావుగారు కాలువ వైపు, మడి వైపు మార్చి మార్చి చూశారు. నీళ్ళ వంతు దాటితే ఈ మళ్ళకి మళ్ళీ తడి ఎప్పుడో తెలీదు, నారు ముదిరిపోతుంది.

"తుర్విహాళ దాకా వస్తారా ఇంజనీరుగారూ," అన్నారు నాతో, బండి స్టార్ట్ చేస్తూ. నేను వెనక ఎక్కాను.

తుర్విహాళ చిన్న బజారు. ఎరువుల కొట్లు, పంపుసెట్ల కొట్లు, వాటి మధ్య మందుల షాపు. ఆ షాపులో జ్వరానికో దగ్గుకో మందు అడిగేవాళ్ళు పక్కన నిలబడాలి, రైతులు ముందు. మమ్మల్ని చూడగానే షాపాయన ఏం కావాలని అడగలేదు.

"నాట్లా?" అన్నాడు.

సూర్యారావుగారు తలూపారు. అతను బల్ల కింది నుంచి పెద్ద డబ్బా తీసి ఇచ్చాడు. ఎరువు బస్తా ఇచ్చినంత మామూలుగా.

"తాయమ్మకి ఇవ్వనండి," అన్నారాయన వస్తూ వస్తూ, వెనక కూర్చున్న నాతో. "మిగతావాళ్ళకే. వాళ్ళకేం లేదు కదా."

వాళ్ళకేమైనా ఉందో లేదో ఎవరికీ తెలీదు. వాళ్ళెవరూ ఆ సీటు మీద కూర్చోలేదు.

ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన బండి కొంచెం నెమ్మది చేశారు. ఆ తర్వాత మళ్ళీ మామూలుగానే నడిపారు.

మళ్ళీ మడిగట్టు

సత్యవతిగారు డబ్బా అందుకోనంది. ఆయన బలవంతం చేయలేదు. ఆడవాళ్ళే ఒక్కొక్కరూ గట్టెక్కి వచ్చి నిలబడ్డారు. "ఇయ్యక్కా," అంది లచ్చుమి. "నువ్వియ్యకుంటె రేపు అవతలి క్యాంపుకు పోతం. ఆడ ఇస్తరు. నీ తాన ఉండాలనే మాకు ఉంటది." బెదిరింపులా లేదు, బతిమాలుతున్నట్టుంది.

ఆవిడ డబ్బా తీసుకుంది. రోజూ పెట్టినట్టే ఒక్కొక్క చేతిలో ఒక్కొక్కటి పెట్టుకుంటూ వచ్చింది, ఈసారి ఎవరి మొహమూ చూడకుండా. చివర్లో తాయమ్మ నిలబడి ఉంది. బురద కడుక్కుని, తడి చెయ్యి చాచి ఉంది.

సత్యవతిగారు తన గుప్పిట మూసేసుకుంది.

"అక్కా," అంది తాయమ్మ.

"నీకు లేదు తాయమ్మా."

"ఇంక శాన మడి లేదక్కా. ఈ రొండు మళ్ళే. ఈ దినమొక్కటి."

"నా చేత్తో నేనివ్వను. నన్నడక్కు."

తాయమ్మ చెయ్యి ఇంకాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని చీరకి తుడుచుకుని, కోపమేమీ లేకుండా, మడి వైపు తిరిగింది. వంగబోయి ఆగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. పక్క వరసలో లచ్చుమి అది చూసింది. తన మాత్ర ఇంకా నోట్లో వేసుకోలేదు. రెండు బొటనవేళ్ళ గోళ్ళతో దాన్ని మధ్యకి జాగ్రత్తగా విరిచి, పెద్ద ముక్క ఏదో చూసి, అది తాయమ్మ నోటికి అందించింది.

గట్టు మీద మేం ముగ్గురమూ చూశాం. కాసేపటికి తాయమ్మ వంగింది, వరస కదిలింది.